లైటు ఎవరేసిండ్రు?

మా ఇంట్లో వెలుగుంది గాని దీపం లేదు. ఈ మాట నాది కాదు, మా అత్తమ్మది. నేనైతే ఇంకా ఘాటుగా అనేదాన్ని. అన్నాను కూడా, కాకపోతే ఆ మాటలు అచ్చులో బాగుండవు.

శంషాబాదు ఎయిర్‌పోర్టుకు ఇవతల, సాతంరాయి దగ్గర, బెంగుళూరు హైవే మీద నుంచి లోపలికి తిరిగితే వచ్చే కాలనీలో మా ఇల్లు. కింద మేము, పైన డాబా, డాబా మీద విమానాలు. కొత్తగా వచ్చిన చుట్టాలు విమానం మోత వినగానే మాట ఆపి పైకి చూస్తారు. మేము మాట ఆపుతాము గాని పైకి చూడము. మోత దాటిపోయాక ఆపిన చోటి నుంచే అందుకుంటాము. మొగుడూ పెళ్లాల తగాదాలకు కూడా మా ఇంట్లో ఇదే పద్ధతి. సగం తిట్టు నోట్లో పెట్టుకుని విమానం పోయేదాకా ఆగడం ఎంత కష్టమో ఊళ్లో ఉండేవాళ్లకు చెప్పినా అర్థం కాదు.

నేను సర్కారు బడిలో తెలుగు పంతులమ్మను. మా ఆయన ప్లాట్లు అమ్మిపెడతాడు. మహేశ్వరం వైపు ఒకప్పుడు జొన్నలు పండిన చెలకల్లో తెల్లరాళ్లు పాతించి, వాటి మధ్య నిలబడి, "ఫ్యూచర్ అంతా ఇక్కడ్నే ఉంది సార్" అని చేయి చాపడం ఆయన పని. వ్యవసాయ కుటుంబమే. భూమితో సంబంధం తెగలేదు, తీరు మారిందంతే. పిల్లలిద్దరూ హాస్టళ్లలో ఉన్నారు. ఇంట్లో మిగిలింది మేమిద్దరం, అత్తమ్మ.

అత్తమ్మ ఒకప్పుడు ఈ ఇంటికి మహారాణి. గింజలు ఆమె చేతి మీదుగానే గాదెలోకి పోయేవి, ఆమె చేతి మీదుగానే బయటికొచ్చేవి. బర్రెలు పోయాయి, పొలం పోయింది, గాదె పోయింది. వంటింటి కోసం ఆమె, నేను చాలా ఏళ్లు పోట్లాడుకున్నాం. చివరికి ఆమె మోకాళ్లు నా పక్షం వహించడంతో వంటిల్లు నాకొచ్చింది. తాళంచెవులు కొడుకు తీసుకున్నాడు. ఇన్ని పోయినా ఆమె ఎవరికీ ఇవ్వకుండా ఉంచుకున్న పని ఒక్కటే: మాపటేళ దీపం పెట్టడం.

దీపమంటే నూనె దీపమనుకునేరు. ట్యూబ్‌లైటు. పొద్దుగూకగానే ఆమె మంచం మీద నుంచి లేచి, కాళ్లు కడుక్కుని, కొంగు భుజాల నిండా కప్పుకుని, తలుపు పక్కనున్న స్విచ్చు దగ్గరికి వచ్చేది. టక్కున నొక్కేది. ట్యూబ్‌లైటు కాస్త బెట్టు చేసి, రెప్పలు కొట్టుకుని, అప్పుడు వెలిగేది. దానికి రెండు చేతులూ ఎత్తి మొక్కి, ఆ చేతులు కళ్లకద్దుకుని, "దండం వెట్టుకోండ్రి" అని కేకేసేది. టీవీ చూస్తున్నవాళ్లు, ఫోన్లో బేరం మాట్లాడుతున్న మా ఆయన, కూర కలుపుతున్న నేను, ఎక్కడివాళ్లం అక్కడే ఆగి మొక్కాల్సిందే. ఒకసారి మా ఆయన ప్లాటు కొనే పెద్దమనిషిని హాల్లో కూర్చోబెడితే అతనితో కూడా మొక్కించింది. ఇదేమీ మా ఇంటి వింత కాదు. నూనె దీపం పోయి కందిలి వచ్చినా, కందిలి పోయి బల్బు వచ్చినా, దండం మాత్రం మారని ఇళ్లు మా వైపు బోలెడు.

మా ఎదురుగా కిరాణా దుకాణం ఉంది. ఆ దుకాణమామె మా హాల్లో లైటు పడగానే తన దుకాణంలో లైటు వేసుకునేది. గడియారం చూసే బాధ లేకుండా. ఒకసారి అత్తమ్మకు జ్వరమొచ్చి పడుకుంది, నాకు బడి దగ్గర ఆలస్యమైంది, ఇల్లు చీకటిగా ఉండిపోయింది. దుకాణమామె సగం కట్టిన చక్కెర పొట్లం అట్లాగే వదిలేసి పరుగెత్తుకొచ్చి తలుపు కొట్టిందట. నేను వచ్చేసరికి అత్తమ్మ నుదుటి మీద తడిగుడ్డ వేసి కూర్చుని ఉంది. "మీ లైటు వడలేదక్కా, పానం గుబుక్కుమన్నది, గందుకే ఉరికొచ్చిన" అంది.

ఇట్లా సాగుతున్న సంసారంలోకి ఎల్ఈడీ స్ట్రిప్పు వచ్చింది.

మా ఆయన ఒకరోజు తన తోడల్లుడి ఇల్లు, అంటే మా చెల్లెలి ఇల్లు చూసి వచ్చాడు. వాళ్లు కొత్తగా సింగారించుకున్నారు. హాల్లో పైకప్పు అంచుల వెంట చుట్టూ వెలుగు పాకుతుందట, బల్బనేది ఎక్కడా కనపడదట. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా మా ట్యూబ్‌లైటు వంక చూస్తూ నిలబడ్డాడు. పాపం, అది ఎప్పటిలాగే రెప్పలు కొట్టుకుంటోంది.

"గిట్ల ఉంటే ఎవడన్న మన దగ్గర ప్లాట్ కొంటడా?" అన్నాడు.

"ట్యూబ్‌లైట్ చూసి ప్లాట్ కొంటరా?" అన్నాను.

"నీకేం తెల్వదు. కొనే పార్టీ ఇంటికొస్తే ముందుగాల పైకి చూస్తడు."

మా ఇంట్లో పైకి చూసేది విమానం వచ్చినప్పుడేనని చెప్పబోయాను. విమానమొచ్చింది. అది పోయేసరికి ఆయన తోడల్లుడికి ఫోన్ కలిపి, పని చేసినవాడి నంబరు అడుగుతున్నాడు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు పెద్దలు. మా ఆయన దీపాన్నే పీకేసి ఇల్లు చక్కబెట్టడం మొదలుపెట్టాడు.

డిజైనర్ వచ్చాడు. కోస్తా వైపు నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డ కుర్రవాడు. మనిషి మర్యాదస్తుడు, మాటకొక 'అండీ' తగిలించనిదే వదలడు. మా గోడల్ని, కప్పుని, చివరికి మమ్మల్ని కూడా జాలిగా చూశాడు.

"మోడర్న్ హోమ్‌లో లైటు కనపడకూడదండీ, వెలుగు మాత్రమే కనపడాలండీ. అదే కాన్సెప్టండీ" అన్నాడు.

మంచం మీద కూర్చున్న అత్తమ్మ అందుకుంది. "లైటు దాసిపెట్టి ఎలుగు సూపెడ్తవా? దొంగసొమ్మా బిడ్డా అది, దాసిపెట్టనీకె?"

"అబ్బే, అదే అందమండీ అమ్మగారూ."

"అందమైతే మరెందుకు దాసుడు?"

కుర్రవాడు నవ్వేశాడు. మా ఆయనా నవ్వేశాడు. పెద్దవాళ్ల ప్రశ్నకు జవాబు లేనప్పుడు నవ్వడమే ఈ కాలపు మర్యాద.

తర్వాత ఇల్లంతా దుమ్ము. పైకప్పు కింద ఇంకో కప్పు కట్టారు, ఫాల్స్ సీలింగ్ అని. 'పైన పటారం, లోన లొటారం' అనే సామెతకు ఉదాహరణ చెప్పమని పిల్లలు ఇన్నేళ్లు నన్ను సతాయించారు. ఇక వెతుక్కునే పని లేదు, మా ఇంటికి తీసుకొచ్చి పైకి చూపిస్తే చాలు. ఆ కప్పు అంచుల్లో స్ట్రిప్పులు అతికించారు. చూడటానికి రిబ్బను చుట్టలా ఉంటుంది, వెనక జిగురు, ముందు ఆవగింజలంత దీపాలు. ఒకసారి చుట్ట విప్పడం మొదలుపెట్టాక మా ఆయనకు ఎక్కడ ఆపాలో తెలియలేదు. టీవీ వెనక వేయించాడు, మంచాల కింద వేయించాడు, అద్దాల అలమర లోపల, దేవుడి గూట్లో వేయించాడు. నేను బడికి పోయొచ్చేసరికి బియ్యం డబ్బా వెనక కూడా వెలుగు కనిపించింది.

ఇంటి వెనక, బయటి నుంచి డాబా మీదికి పోయే మెట్లకు కూడా వేశారు. ప్రతి మెట్టు అంచు కిందా ఒక స్ట్రిప్పు. చీకటి పడ్డాక చూస్తే మెట్టు కనపడదు, మెట్టు కింద వెలుగు కనపడుతుంది. కాలు పెట్టాల్సింది మాత్రం మెట్టు మీద కదా. ఆ మెట్ల మొదట్లో ఎప్పటినుంచో ఒక బల్బు ఉండేది, దాన్ని కూడా విప్పేస్తుంటే నేను అడ్డం పడ్డాను.

"దీన్నొదిలెయ్ తమ్ముడూ. అత్తమ్మకు మెట్లు కానరావు" అన్నాను.

"బల్బుంటే ఫీల్ పోతుందండీ మేడమ్" అన్నాడు కుర్రవాడు.

ఫీల్ గెలిచింది. బల్బు అటకెక్కింది. ట్యూబ్‌లైటు దానికంటే ముందే ఎక్కి కూర్చుంది. చివరికి తలుపు పక్కన స్విచ్చు బోర్డు కూడా తీసేసి, ఆ చోట నున్నగా రంగు పూశారు. స్విచ్చులు కూడా కనపడకూడదట. ఇక అంతా ఫోన్లోనే. ఏ ఊళ్లో ఎప్పుడు పొద్దు కూకుతుందో ఫోనుకు తెలుసట, ఆ వేళకు ఇల్లు దానంతటదే వెలుగుతుందట.

మొదటి సాయంత్రం నాకు బాగా గుర్తుంది. పొద్దు వాలింది. అత్తమ్మ లేచింది, కాళ్లు కడుక్కుంది, కొంగు కప్పుకుంది, తలుపు దగ్గరికి వచ్చింది. గోడ మీద చేయి పెట్టింది. స్విచ్చు లేదు. ఆమె ఆ నున్నటి గోడను తడుముతుండగానే ఇల్లంతా ఒక్కసారిగా వెలిగింది. మా ఆయన సోఫాలో కూర్చుని మురిసిపోతున్నాడు.

"లైటు ఎవరేసిండ్రు?" అంది అత్తమ్మ.

"ఎవ్వరెయ్యలేదమ్మా. దానంతటదే."

"దానంతటదే ఎలగనీకె ఇదేమన్న దిక్కులేని కొంపనా?"

"అరే, ఆటోమేటిక్ అమ్మా. నీకిగ లేసే పనే లేదు."

ఆమె కొంగు సర్దుకుంది. దండం పెడదామని చేతులెత్తింది. ఎటు పెట్టాలో తెలియలేదు. తూర్పు వైపు చూస్తే వెలుగు, పడమట చూస్తే వెలుగు, దీపం ఎక్కడా లేదు. గుళ్లో ఆత్మప్రదక్షిణ చేసినట్టు ఉన్నచోటనే చేతులు జోడించి ఒక చుట్టు తిరిగింది. కళ్లు తిరిగి గోడ పట్టుకుంది. మా ఆయన దీన్ని కూడా ఇంటి అందం చూసి ముచ్చటపడటం కింద జమ కట్టుకున్నాడు.

తర్వాతి రోజుల్లో ఇల్లు మా ఆయన చేతిలో కోతికి దొరికిన కొబ్బరిచిప్ప అయింది. పొద్దున ఒక రంగు, సాయంత్రం ఇంకో రంగు. చుట్టాలొస్తే ఊదారంగు. దేవుడి గూట్లో నీలం వేస్తే వేంకటేశ్వరుడు జబ్బుపడ్డవాడిలా కనిపించాడు. పప్పు ఉడికిందో లేదో రంగు చూసి చెప్పగలిగే నేను మూత తీసి వాసన చూసుకోవాల్సి వచ్చింది. ఒకనాడు పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చుంటే మా ఆయనకు రసికత పొంగి ఎర్రరంగు పెట్టాడు. అంతే, నేను ఎర్ర సిరాతో దిద్దిన తప్పులన్నీ మాయమైపోయాయి. సున్నాలు లేవు, ఇంటూలు లేవు, మా బడి పిల్లలందరూ ఆణిముత్యాలు. ఆయన కళ్లకు తన ఇల్లు ఎట్లా కనిపిస్తోందో నాకప్పుడే అర్థమైంది.

అత్తమ్మ మాత్రం దీపం వెతుక్కుంటూ తిరిగింది. సాయంత్రమైతే చాలు, చేతులు జోడించుకుని ఇంట్లో ఒక్కో మూలా చూసేది. చివరికి టీవీ పక్కన వైఫై డబ్బా మీద మిణుకుమిణుకుమనే పచ్చ చుక్క ఆమె కంటపడింది. దానికి కుంకుమ బొట్టు పెట్టి మొక్కింది. కుంకుమ సందుల్లోంచి లోపలికి రాలి డబ్బా చచ్చిపోయింది. మా ఆయన లబోదిబోమన్నాడు. కొత్త డబ్బా తెచ్చి అందనంత ఎత్తున పెట్టాడు.

అప్పుడు మొదలైంది విమానాల సంగతి.

ఒక సాయంత్రం బడి నుంచి వస్తుంటే మా డాబా మీద అత్తమ్మ కనిపించింది. మోకాళ్ల నొప్పులతో బాత్రూముకు పోవడానికే గోడ పట్టుకునే మనిషి, అన్ని మెట్లెక్కి పైన నిలబడి ఉంది. కొంగు నిండుగా కప్పుకుని ఉంది. దూరంగా దిగడానికి వస్తున్న విమానం ముందు లైటు తెల్లగా మెరుస్తోంది. అది దగ్గరవుతుండగా ఆమె రెండు చేతులూ ఎత్తి మొక్కి, కళ్లకద్దుకుంది. విమానం మా నెత్తి మీదుగా పోయింది.

ఎదురింటి దుకాణమామె బయటికొచ్చి అరిచింది. "ఏందవ్వా, విమానంల ఎవరొస్తున్నరు?"

"ఎవరు రారు బిడ్డా. దీపం గద, దండం వెట్టిన."

ఇంట్లో దీపం దొరక్క, మనిషి ఆకాశంలో పోయే దీపానికి మొక్కుతోంది. ఆ విమానంలో ఉన్నవాళ్లలో ఎవరైనా కిటికీలోంచి చూసి ఉంటే, హైదరాబాదు మర్యాదే మర్యాద అనుకుని ఉంటారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒళ్లు మండింది. అత్తమ్మ మీద ప్రేమ పొంగిపొర్లి కాదు, మా ఇద్దరిదీ అట్లాంటి సంబంధం కాదు. ఒక మనిషి చేతిలో మిగిలిన ఒక్క పనిని లాగేసి, దానికి సౌకర్యమని పేరు పెట్టడం ఎంత సులువో చూసి ఒళ్లు మండింది. నాకూ వయసు మీద పడుతోంది. రేపు నా చేతిలోంచి ఏది లాగుతారో!

ఆ రాత్రి అన్నం పెడుతూ మా ఆయనను పట్టుకున్నాను.

"ఒక్క బల్బు. ఒక్క స్విచ్చు. తలుపు కాడ. ఇంకేమడుగుత లేను."

"లుక్కంత కరాబైతది."

"అత్తమ్మ రోజు డాబా ఎక్కుతున్నది. పడితే?"

"ఎక్కొద్దని చెప్పు. పెద్ద మనిషి, రెస్ట్ దొరికింది గద, కూసోరాదు?"

"కూసోని ఏం చెయ్యాలె?"

"కూసోవాలె" అన్నాడు. మంచి జవాబొకటి నా నాలుక చివర దాకా వచ్చింది. విమానం వచ్చింది. అది పోయేలోపు ఆయన పెరుగన్నం ముగించి చెయ్యి కడిగేసుకున్నాడు. ఎయిర్‌పోర్టు పక్కన కాపురం మగవాళ్లకు బాగా కలిసొస్తుంది.

అత్తమ్మకు చెప్పి చూశాను. "ఎందుకత్తమ్మా ఆ మెట్లు? ఈడ్నే మొక్కుకోరాదు?"

ఆమె నా వంక చూసింది. "దీపం మనిషి వెట్టాలె పిల్లా. దానంతటదే ఎలిగితే ఇంట్ల మనుషులున్నరని ఎవరికెర్క?"



అట్లా కొన్నాళ్లు గడిచాక మా చుట్టాల పిల్ల పెళ్లి రిసెప్షన్ పడింది, హైవే పక్కనే ఉన్న ఫంక్షన్ హాల్లో. అత్తమ్మ రానంది. మాపటేళ ఇంటికి తాళం వేస్తే లక్ష్మి తలుపు దాకా వచ్చి వెనక్కి పోతుందని ఆమె పట్టు. "మీరు పోయిరాండ్రి. నేనుంట" అంది. డాబా ఎక్కొద్దని మరీ మరీ చెప్పి బయల్దేరాం. సరేనంది. ఆమె సరే అంటే ఏమిటో నాకు తెలియనిది కాదు, అయినా చీర కట్టుకుని తయారైన మనిషిని, బండెక్కి పోయాను.

ఫంక్షన్ హాల్లో తోడల్లుళ్లిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. వాళ్ల పక్కన మేము అక్కాచెల్లెళ్లం. బగారన్నం, మాంసం వడ్డిస్తున్నారు. బయట పొద్దు వాలుతోంది. మా ఆయన ఎంగిలి కాని చేత్తో ఫోన్ తీశాడు.

"ఇగో, ఇప్పుడు మా ఇల్లు ఎలిగింది. మేమీడ, ఇల్లాడ. చూసినవా?"

"మాది కూడ గంతే" అన్నాడు తోడల్లుడు. నాకు తెలిసి వాళ్లది రిమోట్‌తో పనిచేసేది.

"ఇంటి దగ్గర లేకున్న రంగులు మార్చొచ్చు. ఇగో, మొత్తం ఎర్రగ జేసిన. మెట్లతో సహా."

"అయిందని నీకెట్ల తెల్సు?"

"ఫోన్ల చూపిస్తది గద. ఇగో నీలం. ఇగో పచ్చ. డాన్స్ మోడ్ కూడ ఉన్నది, చూడు."

ఊరవతల ఉన్న ఇంటికి, కంటికి కనపడని ఇంటికి, అన్నం తింటూ రంగులు మారుస్తున్నాడు. తోడల్లుడి ముఖం మాడే కొద్దీ రంగులు ఇంకా వేగంగా మారాయి. మా చెల్లెలు నా మోచేతిని పొడిచింది. ఇద్దరం నవ్వుకున్నాం. నిజమే, అప్పుడు నాకు నవ్వొచ్చింది. మాంసం బాగుందని ఇంకోసారి వేయించుకున్నాను కూడా.

మేము తిరిగొచ్చేసరికి దుకాణమామె షట్టర్ దించుతోంది. మా ఇల్లు గేటు నుంచి డాబా దాకా పచ్చగా వెలిగిపోతోంది. మమ్మల్ని బండి మీద చూసి ఆమె షట్టర్ పట్టుకునే ఆగిపోయింది.

"ఏందక్కా, ఇప్పుడొస్తున్నరా? మరి ఇంట్ల ఎవరున్నరు? ఇందాకటిసంది లైట్లు ఎర్రగ నీలంగ మారుతుంటే మీరొచ్చిండ్రనుకున్న."

తలుపు తెరిచే ఉంది. హాల్లో మంచం ఖాళీ. వంటింట్లో లేదు, బాత్రూములో లేదు. "అత్తమ్మా!" అని అరిచాను. ఎక్కడో బయటి నుంచి, బావిలోంచి వచ్చినట్టు ఒక గొంతు పలికింది.

"ఈడున్న."

మెట్ల మధ్యలో గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. ఒక కాలు ఉండాల్సిన తీరులో లేదు. అంత నొప్పిలోనూ కొంగు భుజాల నిండా కప్పుకునే ఉంది. మెట్ల కింది నుంచి వచ్చే పచ్చ వెలుగులో ఆమె ముఖం కూడా పచ్చగా ఉంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

"ఇంట్ల ఎవరున్నరు బిడ్డా?" అని అడిగింది.

"ఎవ్వరు లేరత్తమ్మా. మేమిప్పుడే వస్తిమి."

"మరి లైట్లు ఎవరు మారుస్తున్నరు? ఎవరో ఉన్నరనే పిలిచిన. శానసేపు పిలిచిన. ఎవరు పలకలే."

మా ఆయన నా వెనక నిలబడి ఉన్నాడు. ఫోను ఇంకా చేతిలోనే ఉంది.

శంషాబాదులో దవాఖానకు తీసుకుపోయాం. మోకాలి కింద ఎముక విరిగింది. కట్టు కడుతూ డాక్టరు, ఎట్లా పడ్డావమ్మా అని అడిగాడు. అత్తమ్మ దాచేదేమీ లేనట్టు, ఎవరి మీదా నేరం మోపనట్టు, ఉన్నదున్నట్టు చెప్పింది.

"దండం వెట్టుకోని దిగుతున్న సారు. మెట్టు ఎర్రగ ఉండె. కాలు వెట్టేసరికి నీలమాయె. మెట్టే జరిగిందనుకున్న."

డాక్టరుకు అర్థం కాలేదు. పెద్దవాళ్లు నొప్పిలో ఏదో అంటుంటారని తలూపాడు. మా ఆయనకు అర్థమైంది. ఆయన ముఖం నేను చూడలేకపోయాను. ఏదో అనాలని నాకు నోటి దాకా వచ్చింది, ఇన్నాళ్లు దాచుకున్నదంతా. ఆపడానికి ఆ వేళ ఒక్క విమానం కూడా రాలేదు. అయినా నేనేమీ అనలేదు. అనాల్సింది ఆయన తల్లి ముందే అనేసింది, తనకు తెలియకుండానే.

మర్నాడు ఆయన ప్లాట్ల దగ్గరికి పోలేదు. రావిర్యాల దగ్గర ఏదో పెద్ద పార్టీ ఎదురుచూస్తోందని ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. ఎత్తలేదు. బజారుకు పోయి ఒక బల్బు, హోల్డరు, స్విచ్చు, నాలుగు బారల వైరు తెచ్చాడు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, తలుపు పక్కన రంగు పూసిన ఆ నున్నటి గోడను కొట్టించి, స్విచ్చు పెట్టించాడు. వైరు గోడ మీదుగా, అంత ముచ్చటపడి కట్టించుకున్న ఫాల్స్ సీలింగ్ మీదుగా, బాహాటంగా పాకుతూ పోయి నట్టనడుమ బల్బు వేలాడింది. మెట్ల దగ్గరి పాత బల్బు కూడా అటక దిగింది. డిజైనర్ కుర్రవాడు ఫోన్ చేసి ఫీడ్‌బ్యాక్ అడిగాడు. మా ఆయన ఇచ్చాడు. ఆ కుర్రవాడు మళ్లీ ఫోన్ చేయలేదు.

స్ట్రిప్పులు ఇంకా అక్కడే ఉన్నాయి. పీకితే కప్పు ఊడొస్తుందట. ఎండలకు జిగురు కరిగి టీవీ వెనకది అప్పుడే బీరతీగలా జారింది. ఆయన ఫోన్లోంచి ఆ యాప్‌ను తీసేశాడు. తోడల్లుడు తనది కూడా ఫోన్‌తోనే నడిచేలా మార్పించుకున్నానని చెప్పడానికి వస్తే, ఈయన "మంచిదే, మెట్లకు మాత్రం పెట్టకు" అన్నాడు.

అత్తమ్మ మంచం ఇప్పుడు హాల్లోనే, బల్బుకు ఎదురుగా. కాలు కట్టులో ఉంది, లేవడానికి లేదు. బల్బు పెట్టిన ఆ సాయంత్రం నేను వంటింట్లో చేయి తుడుచుకుని స్విచ్చు దగ్గరికి పోబోయాను. మా ఆయన అప్పటికే బయట కాళ్లు కడుక్కుంటున్నాడు. తడికాళ్లతో లోపలికి వచ్చి టక్కున నొక్కాడు. ఉట్టి బల్బు, ఏ అందమూ లేకుండా వెలిగింది. అత్తమ్మ కళ్లకు ఏమీ కాలేదు, స్విచ్చు దగ్గర నిలబడింది ఎవరో ఆమెకు చక్కగా కనపడుతూనే ఉంది. అయినా అడిగింది.

"లైటు ఎవరేసిండ్రు?"

ఆయన మంచం దగ్గరికి వచ్చాడు.

"నేనేనమ్మా" అన్నాడు. "ఇంట్లనే ఉన్న."

ఆమె పడుకునే రెండు చేతులూ ఎత్తి బల్బుకు మొక్కి, కళ్లకద్దుకుని, "దండం వెట్టుకోండ్రి" అంది. మేమిద్దరం మొక్కాం. ఎదురింటి దుకాణంలో లైటు పడింది.

అప్పటినుంచి రోజూ అడుగుతుంది. ఆయన ఎక్కడున్నా పొద్దుగూకే వేళకు ఇంటికొచ్చి జవాబు చెబుతాడు.